ముల్లు లేవలేదని రాసిన బిడ్డకు

బల్కంపేట



ఇంజన్ మార్చినప్పట్నుంచీ మన ఎస్టీమ్ కారులో ఆర్పీఎం ముల్లు సున్నా మీద నుంచి లేవట్లేదని రాశావు, అయినా ఆ కుర్ర మెకానిక్‌ని ఒక్క మాట అనలేదని కూడా రాశావు, అది చదివి నాకు కడుపు నిండిపోయింది. ఎల్లమ్మ కళ్యాణం రోజుల్లో గల్లీ నిండా బారికేడ్లు పెడితే షెడ్డులోంచి బండి కదిలేది కాదు, నేను బానెట్ కింద దూరితే నువ్వు టార్చి పట్టుకుని నా చెయ్యి ఎటు పోతే అటే వెలుగు తిప్పేవాడివి, నీ గ్లాసులో మజ్జిగ హెల్పర్ పిల్లాడికిచ్చేసి నాకు దాహం లేదనేవాడివి, ఆ గుణం ఇంకా పోలేదన్నమాట.

డాష్‌బోర్డు అప్పుడే విప్పకు. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు ఆడుతున్నాయంటే మీటరుకు కరెంటు, ఎర్త్ అందుతున్నట్టే, తేడా సిగ్నల్ వైరులోనే ఉంటుంది. పాత కార్బురేటర్ ఇంజన్‌కి ఆ వైరు కాయిల్ నెగటివ్ నుంచి వచ్చేది. నాలుగు సిలిండర్లు కనక క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండు స్పార్కులు, మీటరు ఆ లెక్కకే అలవాటు పడింది. ఇప్పుడు వేసినదానికి డిస్ట్రిబ్యూటర్ లేదు, రెండు కాయిల్సన్నావు కదా, పాత కాయిల్ తీసినప్పుడు ఆ వైరు కొసకు టేపు చుట్టి ఎక్కడో వదిలేసి ఉంటారు. ముందు దాన్ని వెతుకు. ఇంజన్ కంప్యూటర్ ఈసీయూ నుంచి ఆర్పీఎంకని వచ్చే వైరు ఏదో ఆ ఇంజన్ వైరింగ్ డయాగ్రంలో చూసి, నేను కోఠి గుజరాతీ గల్లీలో కొని పంపిన మల్టీమీటరును హెర్ట్జ్‌లో పెట్టు. ఐడ్లింగ్ 900 దగ్గర 30 చూపిస్తే అదే నీ వైరు, దాన్ని ఆ టేపు చుట్టిన కొసకు కలపాలి. 30 వచ్చినా ముల్లు లేవకపోతే సిగ్నల్ వోల్టేజీ చాలట్లేదేమో, అప్పుడు ఫోన్ చెయ్యి. ఎవరైనా ఒక్క కాయిల్‌కి తగిలించెయ్యమంటారు, వినకు, చుట్టుకు ఒక్క స్పార్కే కాబట్టి 900 కాస్తా 450 అవుతుంది.

టెస్ట్ ల్యాంపు ఈసీయూ వైర్లకు తాకించకు నాన్నా. కాయిల్ నెగటివ్‌ని వాటితో అసలు కలపకు, అక్కడ వందల వోల్టులు ఎగురుతాయి. రాత్రిళ్ళు నాకు అదే బెంగ.

ఇంజన్ నంబరు మారింది కనక ఆర్సీలో ఎక్కించుకో, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది తప్పదు.

ఇదంతా ఆ కుర్రాడిని పక్కన నిలబెట్టుకునే చెయ్యి. వైరు దొరికాక వాడి చేతే కలిపించు.

ఇట్లు,
నీ పెదనాన్న