పదివేల అడుగులు తర్వాత, ముందు పది నిమిషాలు

జనవరి 1న కొత్త బూట్లు, చేతికి స్మార్ట్‌వాచ్, రోజుకు పదివేల అడుగులు వేయాలన్న పట్టుదల. మొదటి రోజు ఎలాగో పూర్తవుతుంది. రెండో రోజు పిక్కలు పట్టేస్తాయి. నాలుగో రోజు పని ఒత్తిడి. సంక్రాంతికల్లా బూట్లు అటకెక్కుతాయి. ‘నాకు క్రమశిక్షణ లేదు’ అని మనల్ని మనమే నిందించుకుంటాం. కానీ చిక్కంతా చాలావరకు ఆ పదివేల లెక్కలోనే ఉంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. మహిళల్లో ఇది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. మధుమేహం, గుండెజబ్బు, పక్షవాతం ముప్పును ఇది పెంచుతుంది.

ఆ సంఖ్య ఎక్కడిది?

టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అడుగులు లెక్కించే ఒక పరికరం మార్కెట్‌లోకి వచ్చింది. దాని పేరు ‘మాంపో-కెయ్’. అంటే ‘పదివేల అడుగుల మీటరు’. ఆ అమ్మకపు పేరే క్రమంగా ఆరోగ్య సూత్రంగా స్థిరపడింది.

సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేలకు పైగా అమెరికా మహిళలపై జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. రోజుకు దాదాపు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే, 4,400 అడుగులు వేసేవారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. దాదాపు 7,500 అడుగుల తర్వాత అదనపు లాభం కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువ నడిచి ఉండవచ్చు కనుక ఇదంతా నడక ఫలితమేనని చెప్పలేం. అయినా అసలు నడవనివారు కాస్త నడిచినా మేలేనన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కూడా. ఆ సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ అవసరం. దాన్ని చిన్న చిన్న విడతలుగా చేసినా లెక్కే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

నడిచేటప్పుడు కండరాలు ముడుచుకుంటాయి. అప్పుడు గ్లూకోజును లోనికి చేరవేసే ప్రోటీన్లు కండర కణాల అంచుకు వస్తాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలోనూ ఈ దారి తెరుచుకుంటుంది. అందుకే భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినా రక్తంలో చక్కెర పెరుగుదల కాస్త అదుపులో ఉంటుంది.

నడకకు శక్తి కూడా తక్కువే చాలు. అడుగు వేసినప్పుడు నేల మీద ఆనిన కాలిపై మన శరీరం తలకిందులుగా ఉన్న లోలకంలా ఊగుతుంది. కాస్త పైకి లేచినప్పుడు దాచుకున్న స్థితిశక్తి, కిందికి దిగేటప్పుడు గతిశక్తిగా తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి కదలని శరీరానికి నడక అనువైన ఆరంభం కావడానికి ఇదొక కారణం.

అలవాటుగా మారాలంటే

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి. మరికొందరికి 254 రోజుల దాకా పడుతుందని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు.

కాబట్టి ఇలా మొదలుపెట్టండి:

• రోజూ తప్పక చేసే ఒక పనికి నడకను జోడించండి. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించాక, లేదా రాత్రి భోజనం అయ్యాక.

• మొదటి వారం పది నిమిషాలే. తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచితే ఐదో వారానికి అరగంట అవుతుంది. వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు పూర్తి.

• వేగానికి కొలత మీ గొంతే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడడం మాత్రం కష్టమవ్వాలి.

• ఎండాకాలంలో పొద్దెక్కకముందే నడవండి. ఢిల్లీ వంటి చోట్ల చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలిలో కాలుష్యం చిక్కుకుపోతుంది. అక్కడ గాలి నాణ్యత చూసుకుని ఎండ వచ్చాక బయలుదేరడం మంచిది.

గుండెజబ్బు ఉన్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ముందుగా వైద్యుణ్ణి అడగండి. నడకలో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి వస్తే వెంటనే ఆగి వైద్యసాయం పొందండి.

ఇక ఎప్పుడైనా ఒక రోజు తప్పితే, బూట్లను అటక మీదికి పంపకండి. గుమ్మం పక్కనే ఉంచండి. మర్నాడు అదే వేళకు మళ్లీ పది నిమిషాలు నడవండి.