ప్రదర్శనకు ఒంగోలు కోడెను సిద్ధపరచుట

పశు ప్రదర్శనకు ముందురోజున కోడెను కడిగి, కొమ్ములకు రంగు పూసినంత మాత్రమున బహుమతి రాదు. న్యాయనిర్ణేతలు చూచునది నల్లని ముట్టె, నల్లని తోకకుచ్చు, పొట్టి కొమ్ములు, నిండైన మూపురము, మడతలు పడిన గంగడోలు, తిన్నని నడక. లేని లక్షణమును అలంకారము తేజాలదు. ఉన్నదానిని చూపుటకు ఒక నెల సాధన కావలెను.

1. గాలికుంటు టీకాను కనీసము 3 వారములు ముందుగా వేయించవలెను.

2. గిట్టలను కూడ అప్పుడే చెక్కించవలెను. ఆలస్యమైన, కోడె కుంటుచు నడచును. లోపము కనిపించినచో గరివిడి పశువైద్య కళాశాలలో గాని, సమీపపు పశువుల ఆసుపత్రిలో గాని చూపుడు.

3. ప్రతిదినము ఎండుగడ్డి చుట్టతో వెంట్రుకలవాటున మాలీసు చేయవలెను. పిడుదులు, పుండ్లు అప్పుడే కంటబడును. తోకకుచ్చును కుంకుడురసముతో కడుగవలెను. ఎదిగిన కోడెకు మెడ, మూపురములపై గల బూడిద ఛాయ మురికి కాదు; దానిని తోమి పోగొట్ట యత్నించరాదు.

4. రోజుకు పావుగంట ముకుతాడు పట్టి నడిపించి, నాలుగు కాళ్ళు సమముగా మోపి నిలుచుట నేర్పవలెను. జనసందడికి, చప్పుడుకు అలవాటుపడని కోడె బెదరి మనుష్యులను పొడుచును.

5. ప్రదర్శన దినమున మేత మార్చరాదు. ఇంటి గడ్డినే, ఇంటి కుడితి తొట్టినే వెంట తీసికొనిపోవలెను.

తిరిగి వచ్చిన పిమ్మట కోడెను 3 వారములు మందకు దూరముగా కట్టుడు. బహుమతితోపాటు రోగము ఇల్లు చేరిన నష్టము పాడి మొత్తమునకు కలుగును.