బిల్డే కదా, దాంట్లో ఏముంది?

ఇప్పుడు మనలో చాలామంది ల్యాప్‌టాప్‌లలో ఒక కోడింగ్ ఏజెంట్ ఉంటోంది. "యాప్ బిల్డ్ అవ్వట్లేదు, చూడు" అంటే చాలు. అదే ఫైళ్లు తెరుస్తుంది, లైబ్రరీ వెర్షన్లు మారుస్తుంది, బిల్డ్ నడుపుతుంది, ఎర్రర్ చదివి మళ్లీ మారుస్తుంది. ప్రాజెక్ట్ సబ్మిషన్ ముందు రోజు రాత్రి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే ప్రతి కమాండ్‌కీ "నడపనా?" అని అడుగుతుంటే విసుగొస్తుంది. దాంతో "బిల్డ్ కమాండ్‌కి ఇక అడగొద్దు" అని పర్మిషన్ ఇచ్చేస్తాం. బిల్డే కదా, దాంట్లో ఏముంది అనుకుంటాం. ఏముందో చూద్దాం.

బిల్డ్ ఫైల్ కూడా ప్రోగ్రామే

ఆండ్రాయిడ్ యాప్‌ని సాధారణంగా గ్రేడిల్‌తో బిల్డ్ చేస్తాం. దాని బిల్డ్ ఫైల్ చూడటానికి సెట్టింగుల జాబితాలా ఉంటుంది గానీ, నిజానికి అది గ్రూవీ లేదా కోట్లిన్‌లో రాసిన కోడ్. మనం రాసిన యాప్ కోడ్ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేశాక నడుస్తుంది. బిల్డ్ ఫైల్‌లోని కోడ్ మాత్రం బిల్డ్ మొదలవగానే మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, అదీ మన యూజర్ హక్కులతో. మనం చదవగలిగే ఏ ఫైల్‌నైనా అది చదవగలదు, ఏ కమాండ్‌నైనా నడపగలదు, నెట్‌లోకి పంపగలదు.

మిగతా చోట్లా ఇంతే. ఐఫోన్ యాప్‌లలో కోకోపాడ్స్ వాడే పాడ్‌ఫైల్ రూబీ కోడ్. రియాక్ట్ నేటివ్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే, ప్యాకేజీలో ఉన్న పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ కూడా నడవొచ్చు.

ఇప్పుడు ఏజెంట్ సంగతి. ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్లు, నెట్‌కి పంపే కమాండ్లు బ్లాక్ చేసి, గ్రేడిల్ ఒక్కటే అనుమతించాం అనుకుందాం. కానీ ప్రాజెక్ట్ ఫైళ్లు మార్చే హక్కు ఏజెంట్‌కి ఎలాగూ ఉంది. బ్లాక్ చేసిన పనినే బిల్డ్ ఫైల్‌లో నాలుగు లైన్లుగా రాసి, గ్రేడిల్ నడిపితే అయిపోతుంది. మన అనుమతి జాబితాకి కనిపించేది 'గ్రేడిల్' అన్న మాట ఒక్కటే. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టినట్టు.

ఏజెంట్ అలా ఎందుకు చేస్తుంది?

దానికి చెడు బుద్ధి ఉండక్కర్లేదు. మనం చెప్పిన మాట, ఫైల్‌లో ఎవరో రాసిన మాట రెండూ మోడల్‌కి టెక్స్టే. ఏది ఆజ్ఞ, ఏది సమాచారం అన్న తేడా అది ప్రతిసారీ కచ్చితంగా పట్టలేదు. ఈ బలహీనతని వాడుకునే దాడికి 2022లో సైమన్ విల్లిసన్ 'ప్రాంప్ట్ ఇంజెక్షన్' అని పేరు పెట్టారు.

బిల్డ్ పనిలో ఇది ఇంకా ప్రమాదం. ఏజెంట్ చదివేవి ఏంటో గమనించండి: క్లోన్ చేసిన ప్రాజెక్ట్ రీడ్‌మీ, లైబ్రరీ డాక్యుమెంటేషన్, అన్నిటికంటే ముఖ్యంగా బిల్డ్ లాగ్. ఏదో ఒక ప్లగిన్ "ఈ ఎర్రర్ పోవాలంటే ఫలానా రిపాజిటరీని సెట్టింగ్స్‌లో కలపండి" అని ప్రింట్ చేసిందనుకోండి. ఎర్రర్ మెసేజ్ చెప్పినట్టు సరిచేయడమే దాని పని కాబట్టి, కలిపేసే అవకాశం ఉంది. ఆ క్షణం నుంచి మన యాప్‌లోకి ఎవరి కోడ్ వస్తోందో మనకి తెలీదు.

ఇవి ఊహలు కావు

2015లో చైనాలో చాలామంది డెవలపర్లు ఎక్స్‌కోడ్‌ని యాపిల్ నుంచి కాకుండా వేరే చోట్ల నుంచి డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ కాపీల్లో కొన్నిటిని ఎవరో ముందే మార్చి పెట్టారు. డెవలపర్లు రాసిన కోడ్ శుభ్రంగానే ఉంది, బయటికొచ్చిన యాప్‌లో మాత్రం దొంగ కోడ్ చేరింది. వీచాట్ లాంటి పెద్ద యాప్ కూడా తప్పించుకోలేదు. దీన్నే ఎక్స్‌కోడ్ ఘోస్ట్ అంటారు.

2025 ఆగస్టులో జరిగింది మన విషయానికి ఇంకా దగ్గర. ఎన్‌ఎక్స్ అనే జావాస్క్రిప్ట్ బిల్డ్ టూల్‌కి దొంగ వెర్షన్లు ఎన్‌పీఎంలోకి వచ్చాయి. వాటి పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్, ఆ కంప్యూటర్‌లో క్లాడ్, జెమినై, అమెజాన్ క్యూ లాంటి ఏఐ టూల్స్ ఉన్నాయేమో వెతికింది. ఉంటే, పర్మిషన్ అడగకుండా నడిచే ఆప్షన్‌తో వాటిని పిలిచి, రహస్య ఫైళ్లు వెతికే పని అప్పగించింది. దొరికినవాటిని బాధితుల సొంత గిట్‌హబ్ అకౌంట్లలోనే పబ్లిక్ రిపాజిటరీలుగా పెట్టేసింది. కంచే చేను మేయడం అంటే ఇదే.

మన దగ్గర పోయేదేముంది?

గిట్‌హబ్ టోకెన్, క్లౌడ్ కీలు, యాప్‌ని సైన్ చేసే కీస్టోర్, చాలాసార్లు దాని పక్క ఫైల్‌లోనే రాసిపెట్టిన పాస్‌వర్డ్. టెస్టింగ్ కోసం యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కలిపిన సొంత ఫోన్ కూడా. ఏడీబీ ద్వారా ఫొటోలు కాపీ చేయొచ్చు, చాలా ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు కూడా చదవొచ్చు. బ్యాంక్ ఓటీపీ వచ్చేది అక్కడికే.

ఏం చేయాలి?

ఏజెంట్ వాడటం మానక్కర్లేదు. దాన్ని ఎక్కడ నడుపుతున్నామన్నదే ముఖ్యం.

1. ఏజెంట్‌నీ బిల్డ్‌నీ కంటైనర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో నడపండి. హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని దానికి కలిపేస్తే మాత్రం ప్రయోజనం ఉండదు.

2. కీస్టోర్, పాస్‌వర్డ్ ఆ మెషీన్‌లో పెట్టొద్దు. రిలీజ్ సైనింగ్ మీ చేత్తో విడిగా చేయండి.

3. సొంత ఫోన్ బదులు ఎమ్యులేటర్ వాడండి. పని అవ్వగానే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి.

4. బిల్డ్, సెట్టింగ్స్, గ్రేడిల్ రాపర్, ప్యాకేజ్ ఫైళ్లను ఏజెంట్ మారిస్తే, బిల్డ్ నడిపేముందు గిట్ డిఫ్ చదవండి. కొత్త రిపాజిటరీ అడ్రస్, తెలియని ప్లగిన్, మారిన డౌన్‌లోడ్ లింక్ కనిపిస్తే ఆగండి.

5. ఎన్‌పీఎంలో స్క్రిప్టులు నడవకుండా ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఉంది. గ్రేడిల్‌లో డిపెండెన్సీల చెక్‌సమ్ సరిచూసే ఏర్పాటు ఉంది. రెండూ నేర్చుకోండి.

వీటిలో ఒక్కటే చేయగలిగితే మొదటిది చేయండి. మిగతావన్నీ మనం గుర్తుపెట్టుకుని, అర్ధరాత్రి రెండింటికి కూడా ఓపిగ్గా పాటిస్తేనే పనిచేస్తాయి. మొదటిది మాత్రం మనం నిద్రపోతున్నా పనిచేస్తుంది.