ఉత్తరపదం చూసి ఉత్తరం నమ్ముదాం

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో 8,500 రూపాయలు పోయాయి. దొంగ గోడ దూకి రాలేదు, ఈ-మెయిల్లో వచ్చాడు. ఆ సంగతి గోడపత్రికకి రాయమని మేడమ్ అన్నప్పుడు మొదట సిగ్గేసింది. కానీ మన క్లాసులోనే ఎంతమంది ఇళ్ళల్లో చిన్న చిన్న వ్యాపారాలున్నాయో చూడండి. బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు, పట్టుచీరలు, టైలరింగు, ఏదో ఒకటి. అందుకే రాస్తున్నాను.

మా అమ్మా, పిన్నీ కలిసి మినప అప్పడాలు, వడియాలు, ఆవకాయ చేసి అమ్ముతారు. ప్యాకెట్టు మీద ఫోను నంబరుతో పాటు ఈ-మెయిలు కూడా వేయించింది నేనే. ఏప్రిల్లో ఒక మెయిలు వచ్చింది. దుబాయ్‌లో సూపర్‌మార్కెట్టు వాళ్ళమనీ, నెలకి 500 కిలోల అప్పడాలు కావాలనీ, ముందు సప్లయర్ రిజిస్ట్రేషన్ కింద 8,500 కడితే మొదటి బిల్లుతో కలిపి తిరిగి ఇస్తామనీ అందులో ఉంది.

"ఏటే, ఇది నిజమేనా?" అని అమ్మ అడిగింది. నేను లోగో చూశాను, ఇంగ్లీషు చూశాను, "నిజమేనమ్మా" అన్నాను. కట్టిన రెండు రోజులకి కస్టమ్స్ డిపాజిట్ అంటూ ఇంకో 22,000 అడిగారు. అప్పుడు పిన్ని, "కొనీవోడు మనకి డబ్బులివ్వాల గానీ, మనం ఆడికిచ్చీడం ఏటి?" అంది. పిన్ని చదివింది ఏడో తరగతి వరకే.

పెద్ద మొత్తం ఆశ చూపించి ముందు కొంచెం కట్టించుకునే ఈ పద్ధతి చాలా పాతది. ఈ-మెయిళ్ళు లేనప్పుడు పోస్టులో, ఫ్యాక్సులో ఇలాంటి ఉత్తరాలే తిరిగేవి. నైజీరియా శిక్షాస్మృతిలో మోసం గురించిన సెక్షను నంబరుని బట్టి వీటికి 419 మోసాలని పేరొచ్చింది. మన దగ్గర చట్టం మారిపోయినా మోసగాణ్ణి ఇంకా ఫోర్‌ట్వంటీ అంటున్నాం కదా, అలాగే.

డబ్బు పోయాక ఆ మెయిలు మళ్ళీ తీసి, ఈసారి పద్యానికి ప్రతిపదార్థం రాస్తున్నట్టు చదివాను. అప్పుడే మనం వ్యాకరణంలో చదివిన ఒక పాఠం అక్కరకొచ్చింది. తత్పురుష సమాసంలో ఉత్తరపదానికే ప్రాధాన్యం. రాజభటుడు అంటే భటుడే గానీ రాజు కాడు. ముందు ఎంత గొప్ప మాట తగిలించినా చివరి మాటే అసలు మనిషిని చెబుతుంది. ఇంటర్నెట్ చిరునామా కూడా అచ్చంగా అంతే!

ఒక లింకులో మీ బ్యాంకు పేరు, ఆ తర్వాత డాట్ కామ్, ఆ తర్వాత డాట్ ఖాతాసరిచూపు డాట్ టాప్ అని ఉందనుకోండి. కన్ను మొదట బ్యాంకు పేరు మీద పడి అక్కడే ఆగిపోతుంది. కానీ కుడివైపు నుంచి చదవాలి. మొదట వచ్చే రెండు గీతల తర్వాత, మళ్ళీ ఒంటి గీత వచ్చేదాకా ఉన్న భాగం మాత్రమే తీసుకోండి. చివర ఉండే డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ కో డాట్ ఇన్ లాంటివి విభక్తి ప్రత్యయాల్లాంటివి. వాటికి సరిగ్గా ముందున్న మాటే ఉత్తరపదం, అంటే ఆ చోటుకి సొంతదారు. ఇక్కడ ఆ మాట ఖాతాసరిచూపు, బ్యాంకు కాదు. ఎడమ పక్కన ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. నీలం అక్షరాల్లో కనిపించేది ఒకటి, అది తీసుకెళ్ళే చోటు ఇంకొకటి కూడా కావచ్చు. కంప్యూటర్లో మౌసు దాని మీద ఊరికే ఉంచితే, ఫోనులో అయితే కాసేపు నొక్కి పట్టుకుంటే, అసలు చిరునామా కనిపిస్తుంది. 2025 అక్టోబర్ 31 లోగా బ్యాంకులన్నీ తమ చిరునామా చివర బ్యాంక్ డాట్ ఇన్ అని ఉండేలా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది కూడా ఈ తోక చూసి గుర్తు పట్టడానికే.

మెయిలు చిరునామాలో అయితే ఎట్ గుర్తు తర్వాత ఉన్నది చూడాలి. పైన పెద్దక్షరాల్లో కనిపించే పేరు నాటకంలో వేషం పేరు లాంటిది, ఎవరైనా కట్టొచ్చు. మా దుబాయ్ వారి చిరునామా చివర ఉన్నది ఉచితంగా దొరికే మెయిలు సర్వీసు. అదొక్కటే చూసి మోసం అనలేం, మాదీ అలాంటిదే మరి. కానీ డబ్బు వేయమన్న యూపీఐ ఐడీ ఇక్కడి ఎవరో మనిషి పేరు మీద ఉంది. దుబాయ్ కంపెనీకి అదేం ఖర్మ?

ఉత్తరపదం సరిగ్గా ఉన్నా సరిపోని సందర్భం ఒకటుంది. తెలిసినవాళ్ళ మెయిలే ఎవరి చేతిలోనో పడితే, పప్పు అమ్మే షావుకారు పేరుతోనే "మా బ్యాంకు ఖాతా మారింది, ఇందులో వేయండి" అని వస్తుంది. అప్పుడు ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు, మన దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగాలి.

మేం 1930 నంబరుకి ఫోన్ చేసేసరికి మూడు రోజులైంది. వెంటనే చేసుంటే, డబ్బు ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే ఆపే వీలుండేదట. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ లో ఫిర్యాదు పెట్టాం. (అక్కడా తోక చూసుకున్నాను!) మా డబ్బు ఇంకా రాలేదు.

ఇక నా తప్పు. దసరాకి అమ్మ డబ్బు పూడ్చాలని నేనూ మెయిళ్ళు పంపాను. మా వాళ్ళ వనభోజనాల జాబితాలోంచి 180 చిరునామాలు తీసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అందరివీ ఒకే వరసలో పెట్టి పంపేశాను, ఒకరి చిరునామా అందరికీ తెలిసిపోయింది. తెరిచి చూస్తారని పైన "మీ ఆర్డరు గురించి" అని పెట్టాను. మర్నాడు ఛత్రపురం నుంచి ఒక రిటైరైన మాస్టారు జవాబు రాశారు: "అమ్మాయ్, నేను ఆర్డరేమీ ఇవ్వలేదే. నా పేరుతో ఎవరో మోసం చేశారేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు." అది చదివి నాకు దుబాయ్ మెయిలే గుర్తొచ్చింది. మాస్టారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను.

అడగకుండా వ్యాపారం మెయిలు పంపింది నేనే మొదటిదాన్ని కాదు లెండి. 1978లో అమెరికాలో గ్యారీ థర్క్ అనే ఆయన కంప్యూటర్లు అమ్ముకోవడానికి అర్పానెట్ మీద దాదాపు 400 మందికి ఒకేసారి పంపి తిట్లు తిన్నాడు. ఇప్పుడు రోజుకి 5,000 దాటి జీమెయిల్ వాళ్ళకి పంపే సంస్థలు ఒక్క నొక్కుతో ఆపేసే వీలు ఇవ్వాలని గూగుల్ 2024 నుంచి షరతు పెట్టింది. మా 180కి ఆ షరతు వర్తించదు. అయినా పెట్టుకున్నాను.

తర్వాత ప్యాకెట్టు కొన్నవాళ్ళని నోటితోనే అడిగాను, "సరుకు తయారైనప్పుడు మెయిలు పెట్టమంటారా?" అని. 42 మంది సరే అన్నారు. వాళ్ళ చిరునామాలు బీసీసీ గడిలో వేసి సంక్రాంతికి ఇలా రాశాను:

"నమస్కారం. మేం మీకు అప్పడాలు అమ్మినవాళ్ళం. మీరు సరేనంటేనే ఈ మెయిలు పెడుతున్నాం. మినప అప్పడాలు తయారుగా ఉన్నాయి, బూడిద గుమ్మడి వడియాలు వారం పడతాయి. ఆవకాయ కిందటేడాదిది, కొత్తది కాదు. ధరలు, మా ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ఫోను నంబరు కింద ఉన్నాయి. ముందు డబ్బు పంపక్కర్లేదు, సరుకు చూసుకుని ఇవ్వండి. ఇక వద్దనుకుంటే 'వద్దు' అని ఒక్క మాట రాయండి, మళ్ళీ పెట్టం."

ఆవకాయ పాతదని ఎందుకు చెప్పావే అని అమ్మ కోప్పడింది. ఇద్దరు 'వద్దు' అని రాశారు, వాళ్ళ పేర్లు ఆ పూటే తీసేశాను. పదిహేడు మంది కొన్నారు. అందులో ఛత్రపురం మాస్టారు ఒకరు. ఆయన కావాలని ఆ పాత ఆవకాయే రెండు కిలోలు తెప్పించుకున్నారు.