మొదటి శీలం: మామ వెంట వేట

పాణాతిపాతా వేరమణి. రోజూ చెప్పుకునే మొదటి శీలం. మీకు దీని అర్థం ఎక్కడ తెలిసిందో గానీ, నాకు వాగు ఒడ్డున తెలిసింది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. మేనమామ నాటు తుపాకి పట్టుకుని "రారా అల్లుడూ, దుప్పిని కొడదాం" అంటే ఎగిరి గంతేశాను. రాత్రంతా కాపు కాశాం. నీళ్లకొచ్చిన దుప్పి బ్యాటరీ లైటు వెలుగులో కదలకుండా నిలబడిపోయింది. మామ కాల్చాడు. అది వెంటనే చావలేదు, చాలాసేపు కాళ్లు కొట్టుకుంది. నేను మొహం తిప్పుకుంటే మామ నవ్వాడు. ఆ పూట మా ఇంట్లో కూరకు కొదవేం లేదు.

ఆ చివరి మాట గమనించండి. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో విడదీసి చెప్పారు. మన కంచంలో మాంసం చూసి మూతి తిప్పేవాళ్ల మెప్పు కోసం కాదు ఈ శీలం. మామకు ఆ రాత్రి ఉన్నది ఆకలి కాదు, సరదా. 1972 చట్టం ప్రకారం అది నేరమని కూడా ఆయనకు తెలుసు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వెనకటి రాజులు వేట కోసం విహారయాత్రలు చేసేవారని, తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్లకు సంబోధికి, అంటే బోధగయకు వెళ్లి ధమ్మయాత్రలు మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. ఇంకో శాసనంలో తన వంటశాలలో ఇంకా రెండు నెమళ్లు, ఒక జింక చస్తున్నాయని, ఇకమీదట అవీ ఉండవని దాచకుండా ఒప్పుకున్నాడు.

సెలవుల్లో మీ మేనల్లుణ్ణి అక్కడికి తీసుకెళ్లండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలోనే ఉంది.