పాత ట్రాక్టరు హైడ్రాలిక్ లిఫ్టు: పోషణము, సర్దుబాటు

ట్రాక్టరు పాతబడినకొలది రైతును మిక్కిలి విసిగించు భాగములలో హైడ్రాలిక్ లిఫ్టు ఒకటి. నాగలి లేవదు, లేచినను నిలువదు, నిలిచినను గంతులు వేయుచుండును. తొలకరి పదును ఆరిపోవుచుండగా రైతు తొందరపడి, ఎవరో చెప్పిన తోడనే పంపు మార్పించును. సొమ్ము వ్యయమగును, పలుమారులు జబ్బు మాత్రము ఎప్పటివలెనే యుండును. ఏలయన, అది పంపులో గాక నూనెలోనో, సీలులోనో, సరిగా కట్టని లింకులలోనో యుండును. ఈ పాఠము చదివిన సభ్యుడు మరమ్మతంతయు తానే చేసికొనగలడని చెప్పుట లేదు. జబ్బు ఎక్కడ నున్నదో కనుగొని, అవసరమైన పనిని మాత్రమే చేయించుకొనగలిగిన చాలును.

ఎత్తును నిలుపు సూత్రము

హైదరాబాదు నగరమున 2017వ సంవత్సరము నుండి మెట్రో రైలు నడచుచున్నది. రామంతాపూరు ప్రాంతపు జనులు హబ్సిగూడలో గాని ఉప్పల్‌లో గాని దానినెక్కి తార్నాక మీదుగా పోవుదురు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను పిల్లలను చూడవచ్చిన రైతులును దానిని ఎక్కియుందురు. ఉదయమున పెట్టె క్రిక్కిరిసియున్నను, మధ్యాహ్నమున ఖాళీగా నున్నను, దాని నేల ప్లాట్‌ఫారమునకు ఇంచుమించు సమముగానే నిలుచును. పెట్టె క్రింద గాలి తిత్తులుండుటయే దీనికి కారణము. జనము పెరిగి పెట్టె క్రుంగబోగా ఒక వాల్వు తెరచుకొని తిత్తిలోనికి గాలిని పంపును. జనము దిగి పెట్టె లేవబోగా గాలిని వెలుపలికి విడుచును. ఎత్తు సరియైనంతనే మూసికొనును.

ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీవారు 1955లో డి.ఎస్. అను కారునందు గాలితోపాటు నూనెను గూడ వినియోగించిరి. ఈ ఏర్పాటును రూపొందించినవాడు పాల్ మాజెస్ అను ఇంజనీరు. ప్రతి చక్రమునకు ఒక ఉక్కు గోళము గలదు. గోళము లోపల నొక రబ్బరు పొర. పొరకు ఒకప్రక్క నత్రజని, రెండవప్రక్క నూనె. నూనె నొక్కినను నలగదు గనుక బరువును మోసికొనిపోవును. నత్రజని నలిగి మరల వ్యాపించును గనుక స్ప్రింగువలె పనిచేయును. ఎత్తును సరిచూచు వాల్వు నూనెను పోయుచు, తీయుచు కారును ఒకే మట్టమున నిలుపును.

ఇట్టి పాత కార్లను కాపాడుకొనువారికి తెలిసిన రెండు సంగతులు మన రైతులకును పనికివచ్చును. గోళములోని నత్రజని కాలక్రమమున తగ్గిపోవును. అప్పుడు కారు బిగిసిపోయి కుదుపులు పెట్టును. ఎత్తు సర్దుబాటును ఎంత త్రిప్పినను ఆ కుదుపు పోదు. గోళమును మార్చవలయును, లేదా మరల నింపవలయును. ఇది మొదటిది. రెండవది నూనెను గూర్చినది. మొదటి బండ్లకు ఎర్ర నూనె. 1966 నుండి వచ్చినది పచ్చ నూనె. ఒకదానికి బదులు మరియొకటి పోసినచో రబ్బరు సీలులు చెడిపోవును. కాబట్టి తగిన నూనె లేనిదే యంత్రము బాగుపడదు. కారణము తెలియకుండ మరను త్రిప్పి ప్రయోజనము లేదు.

మన ట్రాక్టరు లిఫ్టు ఈ కుటుంబములోనిదే. అయితే దానిలో గాలికి చోటు లేదు. పని యంతయు నూనెదే. కారునందు వాయువు స్ప్రింగు. ట్రాక్టరు లిఫ్టునందు గాలి చేరుట రోగము.

లిఫ్టు పనిచేయు విధము

వెనుక పెట్టెలోని నూనెను పంపు పీల్చి కంట్రోలు వాల్వునకు త్రోయును. వాల్వు దానిని సిలిండరులోనికి విడువగా పిస్టను కదలి, అడ్డ ఇరుసును త్రిప్పి, లిఫ్టు చేతులను పైకెత్తును. దింపుటకు పంపుతో పని లేదు. వాల్వు తెరచిన తోడనే నూనె వెనుకకు పోవును. పనిముట్టు తన బరువుచేతనే దిగును. కనుక నాగలి భూమిలోనికి దిగుట లేదని హైడ్రాలిక్కును నిందించుట తగదు. సాధారణముగా మన ట్రాక్టర్ల లిఫ్టు ఎత్తుట మాత్రమే యెరుగును, నొక్కుట యెరుగదు. లోతు దిగకున్నచో మొదట కర్రును, టాప్ లింకును చూడవలయును.

లీవర్లు సామాన్యముగా రెండు. పొజిషన్ లీవరును ఎంతవరకు జరిపిన చేతులు అంతవరకే లేచి నిలుచును. ఎత్తు చేరినంతనే లోపలి కడ్డీ వాల్వును మూసివేయును. రోటవేటరు, విత్తు గొర్రు, మట్టము చేయు పలక వంటివానికి ఇది తగును. డ్రాఫ్టు లీవరు నాగలికి తగును. నేల గట్టిపడగా నాగలి టాప్ లింకును ముందునకు త్రోయును. స్ప్రింగు నలిగి, వాల్వు తెరచుకొని, నాగలి కొంచెము లేచును. నేల మెత్తబడగా మరల దిగును. నాగలి బరువులో కొంత వెనుక చక్రములపై పడుటచేత అవి జారుట తగ్గును. ఐర్లండుకు చెందిన హారీ ఫెర్గూసన్ కనిపెట్టిన ఈ పద్ధతి 1936లో ఆయన ట్రాక్టరుతో అమ్మకమునకు వచ్చి, క్రమముగా లోకమంతట వ్యాపించినది. ఒకే చేనిలో ఒకవైపు రేగడి, మరియొకవైపు చల్క గల రైతునకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మొదట చూడవలసినది నూనె

నూనె మట్టము చూచునపుడు బండి సమతలమున నుండవలయును. పనిముట్టు నేలపై దిగియుండవలయును. ఇంజను ఆపి కొంతసేపు ఆగవలయును. చేతులు పైకి లేచియుండగా చూచిన, కొంత నూనె సిలిండరులో నుండుటచేత మట్టము తక్కువగా కనిపించును. అది నమ్మి మరల పోసినచో నూనె అధికమగును.

తరువాత నూనె రంగును చూడుడు. పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. నురుగు పట్టినచో పీల్చు గొట్టమున ఎక్కడనో గాలి దూరుచున్నది, లేదా మట్టము తగ్గినది. నల్లబడి మాడు వాసన వచ్చినచో మితిమీరి వేడెక్కినది. ఇనుప రజను మెరసినచో లోపల నేదో భాగము అరుగుచున్నది; అట్టి బండిని పనికి తోలక వెంటనే విప్పించి చూపవలయును.

వరి పండించు మన ప్రాంతములలో నూనెకు పరమ శత్రువు దమ్ము. ఇనుప చక్రములు కట్టి బురదలో గంటల తరబడి తిరుగు బండికి, ఇరుసుల సీలులు అరిగియున్నచో నీరు లోనికి పోవును. గేరు కడ్డీల రబ్బరు చినిగినను, నూనె పుల్ల మూత వదులైనను, గాలి రంధ్రపు టోపీ ఊడినను అట్లే జరుగును. బండిని కడుగునపుడు ఈ తావులపైకి నీటి ధారను గురిపెట్టరాదు.

దమ్ము పని ముగిసిన పిదప బండిని ఒక రాత్రి కదలించక నిలిపి, మరునాడు క్రింది బిరడాను మెల్లగా వదులు చేయుడు. నూనెకంటె నీరు బరువు గనుక, అడుగున నిలిచిన నీరే ముందుగా కారును. నీరు కొద్దిగా వచ్చి పిమ్మట మంచి నూనె వచ్చినచో బిరడా బిగించి, తగ్గినంత పోయవచ్చును. నూనె యంతయు పాలవలె నున్నచో మాత్రము అది విడివడి తేరుకొనదు. పూర్తిగా తీసివేసి క్రొత్తది పోయవలయును. అనేకమైన పాత ట్రాక్టర్లలో గేర్లకును లిఫ్టునకును ఒకటే నూనె. దానిలో నీరున్నచో బేరింగులు, పంపు త్రుప్పు పట్టును. వాల్వు తన గూటిలో పట్టుకొనిపోవును.

ఇంజను నుండి తీసిన పాత నూనెను వడపోసి లిఫ్టులో పోయుట కొందరి అలవాటు. ఇది సొమ్ము మిగుల్చుట గాదు. కంపెనీ పుస్తకమున వ్రాసిన నూనెనే పోయవలయును. నూనెలో మునిగియుండు బ్రేకులు గల బండ్లకు ప్రత్యేకమైన నూనె కలదు; వేరొకటి పోసిన బ్రేకులును చెడును. జల్లెడను డీజిలుతోను బ్రష్షుతోను శుభ్రపరచుడు. పీచు రాలు గుడ్డతో తుడువరాదు. ఆ పీచే వాల్వునకు అడ్డుపడును.

జబ్బు గుర్తించు పరీక్షలు

నూనె మంచిదై, మట్టము సరిగా నున్నను లిఫ్టు పనిచేయనపుడు ఈ పరీక్షలు చేయవలయును.

1. ఎత్తు పరీక్ష: ఉదయము చల్లని వేళ ఎత్తుచు, బండి వేడెక్కిన పిదప ఎత్తకున్నచో, పలుచబడిన నూనె అరిగిన సందులగుండ జారిపోవుచున్నదని గ్రహింపవలయును. పంపు గాని, సీలులు గాని, వాల్వు గాని అరిగియుండును. చల్లని వేళ మందగించి వేడిపై బాగుగా ఎత్తినచో నూనె మిక్కిలి చిక్కనిది, లేదా జల్లెడ మూసికొనియున్నది.

2. నిలుపు పరీక్ష: పనిముట్టును పైకెత్తి, ఇంజనును ఆపి, దూరమున నిలిచి, నేలనుండి లింకు కొన ఎత్తును పొడవాటి కర్రపై గుర్తు పెట్టుడు. అయిదేసి నిమిషముల కొకసారి, అరగంట వరకు చూడుడు. వేగముగా దిగిపోవుచున్నచో సిలిండరు సీలో, వాల్వు పీఠమో కారుచున్నది. ఇంజను ఆగియుండగా పంపునకు పనియే లేదు గదా! కావున ఆ దిగుటకు కారణము పంపు కాదు. క్రొత్త పంపు వేసినను అది మానదు. ఇంజను తిరుగుచుండగా చేతులు కొంచెము దిగుచు, మరల లేచుచు గంతులు వేయుట సాధారణముగా ఈ జబ్బు లక్షణమే.

3. మోత పరీక్ష: చేతులు పూర్తిగా లేచిన పిదపను కీచుమని మోత ఆగకున్నచో, ఎత్తు చేరినను వాల్వు మూసికొనుట లేదు, నూనె రక్షక వాల్వు గుండ పొరలుచు వేడెక్కుచున్నది. లోపలి కడ్డీల సర్దుబాటు తప్పినది. తెలిసిన మెకానిక్కుచేత సరిచేయింపవలయును. బలము పెరుగునని రక్షక వాల్వు మరను బిగించుట మిక్కిలి ప్రమాదము. ఒత్తిడి కొలుచు మీటరు లేనిదే దానిని తాకరాదు.

బరువును గూర్చి ఒక మాట. ట్రాక్టర్లను పరీక్షించునపుడు లిఫ్టు శక్తిని లింకు కొనలయొద్దను, అచటినుండి 610 మిల్లీమీటర్లు వెనుకను కొలుతురు; వెనుక కొలిచిన సంఖ్య సాధారణముగా తక్కువ. పనిముట్టు బరువు ఎంత వెనుకకు పోయిన లిఫ్టునకు అంత భారము. పెద్ద పనిముట్టు కొనునపుడు కొనలయొద్ద సంఖ్యను మాత్రమే చూచి మోసపోరాదు. ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు తిరుగకుండుటయు ఇందువలననే జరుగును.

బయటి సర్దుబాటు

ఇది ప్రతి రైతు తానే చేసికొనదగినది. కుడి ఎడమల మట్టమును కుడి లిఫ్టు కడ్డీతో సరిచేయవలయును. తిరగవేయు నాగలితో దున్నునపుడు కుడి చక్రము చాలులో దిగి బండి కుడివైపు ఒరుగును. అప్పుడు ఆ కడ్డీని పొట్టి చేసి నాగలిని సమము చేయుదురు. ముందు వెనుకల మట్టమును టాప్ లింకుతో సరిచేయవలయును. దానిని పొట్టి చేసిన నాగలి ముక్కు వంగి లోతు దిగును. పొడుగు చేసిన ముక్కు లేచును. మితిమీరి పొట్టి చేసినచో ముక్కుపైననే నడచి, చాలు అడుగు సమముగా నుండదు. డీజిలును అధికముగా కాలును. ప్రక్క గొలుసులు దుక్కిలో కొంచెము వదులుగాను, రోటవేటరుతోను ప్రయాణములోను బిగువుగాను ఉండవలయును. రోటవేటరు తిరుగుచుండగా దానిని అధికముగా పైకెత్తరాదు. షాఫ్టు కీళ్లు విరుగును.

ప్రాణరక్షణ

నూనె నాగలిని మోయును గాని, మీ ప్రాణమునకు పూచీ పడదు. ఎత్తిన పనిముట్టు క్రిందికి దూరి కర్రు మార్చుట, గడ్డి తీయుట ఎన్నడును చేయరాదు. సీలు తెగినను, పిల్లవాడు లీవరు తాకినను అది ఒక్క క్షణమున పడును. పని చేయక తప్పనిచో బలమైన దిమ్మలు పెట్టి, బరువును వానిపై దింపి చేయవలయును. ఏ గొట్టమును విప్పుటకైనను ముందు పనిముట్టును నేలకు దింపి, ఇంజనును ఆపి, లీవరును క్రిందికి పైకి కదలించి మిగిలిన ఒత్తిడిని పోగొట్టవలయును. సన్నని రంధ్రమున కారు నూనెను చేతితో తడవరాదు, అట్టతో చూడవలయును. ఒత్తిడిగల నూనె సూదివలె చర్మమును దూసికొనిపోవును. గాయము చిన్నదిగా కనిపించినను నిమిషము ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి, నూనె లోనికి దిగినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలయును.

సంఘపు ట్రాక్టరు

ఒకరి బండిని ఒకరు చూచుకొందురు. పదిమంది బండిని ఎవరును చూడరు. సంఘము అద్దెకిచ్చు ట్రాక్టరునకు ఒక పుస్తకముండవలయును. ఏ తేదీన ఎన్ని గంటలు నడచినది, ఏ చేనిలో దమ్ము చేసినది, నూనె మట్టమెంత, రంగెట్లున్నది, జల్లెడ ఎప్పుడు కడిగినది, నిలుపు పరీక్షలో ఎంత దిగినది అను సంగతులను తీసికొనిన సభ్యుడు వ్రాసి సంతకము చేయవలయును. అరగంటలో దిగిన కొలత నెలనెలకు పెరుగుచున్నచో, పదును వచ్చిన దినమున బండి మొండికేయకముందే, పని లేని దినములలో సీలు మార్పించుకొనవచ్చును. దమ్ము ముగిసిన వారములోపల నూనెను పరీక్షించుటను ప్రతి సంఘమును నియమముగా పెట్టుకొనవలయును. ఒక బిరడా విప్పి చూచుటకు పట్టు కాలము స్వల్పము. నీరు చేరిన గేరు పెట్టెను బాగు చేయుటకు సంఘమునకు అగు వ్యయము స్వల్పము కాదు.