ఇంట విడువబడిన బాలుడు
(క్రిస్మస్ మాస పాఠము)

చదువవలసిన వాక్యభాగము: లూకా 2:41–52



క్రిస్మస్ దినమున తెల్లవారక మునుపే మన గండిమైసమ్మ చౌరస్తా మీదుగా మెదక్ దేవాలయమునకు పోవు జనమును మనమందరము ఎరుగుదుము. ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. నూరేండ్లు దాటినను జనము తగ్గలేదు. నిరుడు చూచినవారే ఈ యేడును పిల్లలను వెంటబెట్టుకొని పోవుచున్నారు. ఏటేట ఒకే దినమున ఇంటివారందరు కూడి చేయు పని పండుగలో భాగమగును.

సెలవులలో మన పిల్లలు చూచు నవ్వుల చిత్రమొకటి కూడ కొన్ని దేశములలో ఇట్లే పండుగలో భాగమైనది. సంఘ పత్రికలో సినిమా మాట ఎందుకని పెద్దలు అడుగవచ్చును. పిల్లలు చూచునది మేమును ప్రక్కన కూర్చుండి చూచితిమి. అందులో మనకొక పాఠము కనబడినది గనుక వ్రాయుచున్నాము.

1. కథ

ఆ చిత్రము పేరు ‘హోమ్ అలోన్’. జాన్ హ్యూస్ కథ వ్రాయగా క్రిస్ కొలంబస్ దర్శకత్వము వహించెను. 1990 నవంబరులో అమెరికాలో విడుదలయ్యెను. కెవిన్ అను ఎనిమిదేండ్ల బాలుడు పండుగ ప్రయాణమునకు ముందటి రాత్రి ఇంటివారితో గొడవపడి, వీరందరు లేకుండ పోయిన బాగుండునని అనుకొని మేడమీద పండుకొనును. రాత్రి గాలికి కరెంటు పోయి అలారము మ్రోగదు. ఉదయము అందరు తొందరపడి బయలుదేరుదురు. పిల్లలను లెక్కించునప్పుడు పొరుగింటి బాలుడొకడు లెక్కలో చేరుటచేత లెక్క సరిపోవును! విమానము ఎగిరిన తరువాతగాని తల్లికి కుమారుడు జ్ఞాపకము రాడు. ఇక్కడ ఆ పిల్లవాడు ఇద్దరు దొంగలను తన ఉపాయములతో ముప్పుతిప్పలు పెట్టును. అది చూచి పిల్లలు పడిపడి నవ్వుదురు.

2. ఏటేట ఎందుకు చూచెదరు?

ఒక కారణము అలవాటు. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ అను క్రిస్మస్ చిత్రము మొదట పెట్టిన సొమ్మునైనను రాబట్టలేదు. 1974లో దాని హక్కును ఎవరును పొడిగింపనందున టెలివిజన్‌వారు రుసుము లేకుండ క్రిస్మస్ దినములలో పలుమార్లు చూపిరి. ఇంటింట అది అలవాటై, పండుగ చిత్రమాయెను. పోలండు దేశములో ‘హోమ్ అలోన్’ చిత్రము క్రిస్మస్‌కు టెలివిజన్‌లో వచ్చుట ఆనవాయితీ. 2010లో ఆ యేట చూపబోమని చెప్పగా, వేలాదిమంది అభ్యంతరము తెలిపిరి. చూపక తప్పలేదు.

రెండవ కారణము, పెద్దలు పిల్లలు కలిసి చూడదగినదగుట. మన తెలుగు సంఘములలో 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రమునకు ఇట్టి స్థానము కలదు. విజయచందర్ యేసు పాత్ర ధరించిన ఆ చిత్రము నవ్వించునది కాదు. అయినను ఊరి నడుమ తెర కట్టి చూపినప్పుడు అవ్వలు, మనుమలు ఒకే చాపమీద కూర్చుండి చూచిరి. కథ ముందే తెలిసినను కన్నీరు ఆగలేదు. మనసునకు హత్తుకొనిన కథకు పాతబడుట లేదు.

3. నవ్వు వెనుకనున్న సంగతి

అయితే నవ్వు మాత్రమే అయినచో రెండు మారులు చూచి విడిచెదరు. ఈ చిత్రములో క్రిస్మస్ ముందటి రాత్రి గుడిలో జరుగు ఘట్టమొకటి కలదు. కెవిన్ పొరుగున మార్లీ అను ముసలివాడున్నాడు. అతనిని గూర్చి పిల్లలు భయంకరమైన కథలు చెప్పుకొందురు. ఆ రాత్రి అతడే వచ్చి కెవిన్ ప్రక్కన కూర్చుండును. పాటలు పాడు పిల్లలలో అతని మనుమరాలు ఉన్నది. కుమారునితో ఎన్నడో కలిగిన తగవుచేత అతడు వారింటికి పోజాలడు. పిలిచిన పలుకడేమోయని భయము. పిలిచి చూడుమని ఆ బాలుడు చెప్పును. పండుగ ఉదయమున తల్లి వచ్చి కుమారుని కౌగలించుకొనును. కిటికీలోనుండి చూడగా ఆ ముసలివాడు మనుమరాలిని ఎత్తుకొనియుండును. ఏటేట జనులు మరల చూడగోరునది ఈ కలయికనే యని మాకు తోచుచున్నది. ప్రతి ఇంటను ఎవరో ఒకరు దూరమైయున్నారు గదా!

4. వాక్యము చెప్పునది

మరియ యోసేపులు కూడ ఏటేట పండుగకు యెరూషలేమునకు పోవువారు. బాలుడు పండ్రెండేండ్ల వాడైనప్పుడు, గుంపులో ఉన్నాడనుకొని ఒకదిన ప్రయాణము సాగిపోయిరి. బాలుడైన యేసు దారి తప్పలేదు. ఆయన ఉండవలసిన చోటనే ఉండెను. తప్పినది గుంపువారి తలంపు. ఎవరి ప్రక్కన ఉన్నాడో అడుగక, ఎవరో ఒకరితో ఉండునని అనుకొనిరి. అయితే తెలిసిన వెంటనే వెనుకకు తిరిగిరి. మూడు దినముల తరువాత కనుగొనిరి.

5. మన సంగతి

నిరుడు మేము రాత్రివేళ పాటలు పాడుచు ఇంటింటికి తిరిగినప్పుడు ఒక ఇంటి ముందు ఆగక సాగిపోయితిమి. ఆ ఇంటి పెద్దాయన ఏదో మాట పట్టింపుచేత రెండేండ్లుగా గుడికి వచ్చుట లేదు. మనము పోయిన తలుపు తీయడని తలంచితిమి. మరునాడు తెలిసినదేమనగా, ఆయన చాయ కాచి, గ్లాసులు కడిగి పెట్టుకొని, నడిరాత్రి వరకు అరుగుమీద కూర్చుండెనట. మన పాట ఆయనకు వినబడినది. దగ్గరకు వచ్చి, దాటిపోయినది.

గుంపు పెద్దదిగా ఉన్నది, లెక్క సరిపోయినది, పాట బాగున్నది. అయినను ఒకరిని విడిచి వచ్చితిమి. ఈ యేడు పాటలవారు మొదట ఆగు ఇల్లు ఆయనదే కావలెనని కోరుచున్నాము. ఆయన తలుపు తీయకపోయినను పాట అక్కడ పాడవలెను.

ఇంట ఆలోచింపవలసిన ప్రశ్నలు

(1) ఈ పండుగకు మన పంక్తిలో కూర్చుండని మనవారు ఎవరు?
(2) వారు రారని మనకు తెలియునా, లేక మనమే అనుకొంటిమా?
(3) పిల్లలతో కూర్చుండి ఆ చిత్రము చూచినవారు, ఆ ముసలివానిని గూర్చి పిల్లలేమనుచున్నారో అడిగి వినుడి.